కారవాన్ బ్యాటరీలో ఎంత మిగిలిందో సరిగ్గా తెలుసుకోవడం: షంట్ బిగింపు నుంచి సెట్టింగుల దాకా

కారవాన్ (కారు వెనక కట్టి లాగే ఇల్లులాంటి బండి) గోడ మీదున్న మీటర్ 13.2 వోల్టులు చూపిస్తోందనుకోండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటే, ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు ఆ అంకెకు అర్థం 80 శాతం కావచ్చు. పొద్దున్నే ప్యానెల్ మీద కాస్త ఎండ పడుతున్నప్పుడు అదే అంకెకు అర్థం 40 శాతం కావచ్చు. కరెంటు స్తంభం కనుచూపు మేరలో లేని చోట రెండు రాత్రులు ఉండాలనుకున్నవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. కారవాన్‌తో పాటు వచ్చే నాలుగు లైట్ల గేజీ చేసేదీ ఇదే పని: వోల్టేజీ చూసి ఊహించడం. ఊహకు బదులు, వచ్చిపోయే కరెంటును లెక్కగట్టే షంట్ అనే పరికరాన్ని ఎలా బిగించాలో, ఎలా సెట్ చేయాలో ఇప్పుడు చూద్దాం.

ఇక్కడి లెక్కలన్నీ ఆస్ట్రేలియాలో బాగా కనిపించే ఒక అమరికవి. 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంప్-అవర్: ఒక ఆంప్ కరెంటు గంటసేపు పారితే ఒక ఏహెచ్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, కప్పు మీద 170 వాట్ల ప్యానెళ్లు రెండు, ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఒక ఎంపీపీటీ కంట్రోలర్, లాగే కారు నుంచి ఆండర్సన్ ప్లగ్ (పెద్ద కరెంటు మోసే ప్లగ్) ద్వారా నడిచే 25 ఆంప్‌ల డీసీ-డీసీ చార్జర్, 2000 వాట్ల ఇన్వర్టర్, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. మీ దగ్గర సైజులు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

## వోల్టేజీ ఎంతవరకు పనికొస్తుంది

మన ఇళ్లలో ఇన్వర్టర్ పక్కన ఉండే, డిస్టిల్డ్ వాటర్ పోసే లెడ్-యాసిడ్ బ్యాటరీ విషయంలో వోల్టేజీ కొంత నిజమే చెబుతుంది. లోడూ చార్జింగూ రెండూ ఆపి నాలుగైదు గంటలు వదిలేశాక 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 11.9 అంటే దాదాపు అడుగంటినట్టు. హైడ్రోమీటర్ ముంచితే ఇంకా నమ్మకం: 1.265 దగ్గర నిండు, 1.19 దగ్గర సగం. అయితే రోడ్డు మీదున్న కారవాన్‌లో ఫ్రిజ్ ఆపి నాలుగు గంటలు ఆగేదెవరు?

లిథియంలో ఆ సౌకర్యం కూడా లేదు. విశ్రాంతిలో ఉన్నప్పుడు 90 శాతం దగ్గర వోల్టేజీ సుమారు 13.3, 40 శాతం దగ్గర సుమారు 13.1. సగం బ్యాటరీ ఖాళీ అయినా పడేది 0.2 వోల్టు. రైస్ కుక్కర్ ఒక్కటి పెడితే చాలు, అంతకన్నా ఎక్కువ పడుతుంది, తీసేయగానే మళ్లీ లేస్తుంది. రెండు కొసల్లో మాత్రం వోల్టేజీ మాట వినాలి. చార్జింగ్‌లో 14 దాటితే దాదాపు నిండినట్టే. చిన్న లోడు మీదే 12.5 కిందికి వస్తే అడుగుకు దగ్గరపడ్డట్టే. మధ్యలో ఉన్న 80 శాతం గురించి వోల్ట్ మీటర్‌ను అడగకండి.

## షంట్ చేసే పని

గాదెలో ఎన్ని బస్తాలున్నాయో బయటి నుంచి తట్టి చెప్పలేం. తలుపు దగ్గర కూర్చుని వచ్చినవీ పోయినవీ లెక్క రాసుకుంటే చెప్పగలం. షంట్ ఆ తలుపు దగ్గర మనిషి. బ్యాటరీ మైనస్ దారిలో బిగించే చిన్న లోహపు ముక్క అది. మామూలుగా దొరికే 500 ఆంప్‌ల షంట్‌లో 500 ఆంప్‌లు పారితే దాని రెండు చివరల మధ్య 50 మిల్లీవోల్టుల తేడా వస్తుంది, 5 ఆంప్‌లు పారితే అర మిల్లీవోల్టు. ఆ తేడాను కొలిచి, సమయంతో గుణించి, మానిటర్ ఏహెచ్‌ల లెక్క రాస్తుంది.

ఈ పోలికలోనే రెండు చిక్కులు కూడా ఉన్నాయి. గాదెకు రెండో తలుపుంటే లెక్క తప్పుతుంది. తలుపు ఒక్కటే ఉన్నా, చిన్న చిన్న తప్పులు రోజూ పోగవుతాయి కాబట్టి అప్పుడప్పుడూ గాదె నిండినప్పుడు లెక్కను సరిచేసుకోవాలి. మిగతా వ్యాసమంతా దాదాపు ఈ రెండింటి గురించే.

బ్యాటరీతో వచ్చే బ్లూటూత్ యాప్ చాలదా అని అడుగుతారు. అది బ్యాటరీ లోపల సెల్‌లను కాపాడే బోర్డు, అంటే బీఎంఎస్, చెప్పే లెక్క. చాలా బీఎంఎస్‌లు అర ఆంప్, ఒక ఆంప్ లాంటి చిన్న కరెంటును సున్నాగా చూస్తాయి. కారవాన్‌లో రాత్రంతా పారేది సరిగ్గా అలాంటి కరెంటే. సెల్‌ల వోల్టేజీలు విడివిడిగా చూసుకోవడానికి యాప్ మంచిది, శాతానికి మాత్రం షంట్ ఉండాల్సిందే.

## కావలసినవి

- 500 ఆంప్‌ల షంట్ మానిటర్. విక్ట్రాన్ స్మార్ట్‌షంట్ అయితే తెర ఉండదు, ఫోన్‌లోనే చూడాలి. గోడ మీద తెర, రిలే (మానిటర్ తానే వేసి ఆపే స్విచ్) కావాలంటే అదే కంపెనీ బీఎంవీ-712. ఇతర కంపెనీలవైనా బిగింపు ఇదే.
- బ్యాటరీకీ షంట్‌కీ మధ్య పొట్టి కేబుల్ ముక్క, దాని కొసలకు రెండు లగ్గులు (బోల్టు కింద బిగించే లోహపు కొసలు). ఇన్వర్టర్‌కు వెళ్లే కేబుల్ ఎంత లావుందో ఇదీ అంతే ఉండాలి. 2000 వాట్లకు దగ్గరి దూరంలో 70 చదరపు మిల్లీమీటర్లు.
- మైనస్ తీగలన్నీ కలపడానికి ఒక బస్‌బార్ (బోల్టులున్న లోహపు పట్టీ).
- డీసీ ఆంప్‌లు కొలిచే క్లాంప్ మీటర్. ఏసీ మాత్రమే కొలిచేది పనికిరాదు, కొనేముందు చూసుకోండి.
- మల్టీమీటర్, టార్క్ రెంచి, లగ్గును కేబుల్‌కు నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపర్.

కేబుల్ కొనేటప్పుడు ఒక మాట. ఆస్ట్రేలియాలో ఆటో విడిభాగాల షాపుల్లో అమ్మే '6 మి.మీ. కేబుల్' అంటే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కాదు. ఆ 6 పైతొడుగుతో కలిపిన మందం. లోపల రాగి 4.6 చదరపు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. డబ్బా మీద చదరపు మిల్లీమీటర్లలో రాసిన అంకెనే చూడండి.

## బిగింపు

240 వోల్టుల వైపు చేయి పెట్టొద్దు. ఆస్ట్రేలియాలో అది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. బ్యాటరీని కొత్తచోట పెట్టాలన్నా, మార్చాలన్నా ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 3001.2:2022 ప్రమాణం తెలిసినవారితోనే చేయించండి. కింద చెప్పేది 12 వోల్టుల మైనస్ దారి గురించి మాత్రమే. 12 వోల్టులే కదా అనుకోకండి. ప్లస్‌నూ మైనస్‌నూ ఒక స్పానర్ కలిపితే లిథియం బ్యాటరీ నుంచి వేల ఆంప్‌లు పారతాయి. ఉంగరాలు, వాచీ తీసేయండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. ప్లస్ టెర్మినల్ మీద రబ్బరు తొడుగు ఉండనివ్వండి.

1. ముందుగా సోలార్ ప్యానెళ్ల స్విచ్ ఆపండి, స్విచ్ లేకపోతే ప్యానెళ్ల మీద దుప్పటి కప్పి వైరు విప్పండి. ప్యానెల్ ఉండగా కంట్రోలర్‌కు బ్యాటరీ తీసేయకూడదు. తరువాత 240 వోల్టుల ప్లగ్, కారు ఆండర్సన్ ప్లగ్ తీయండి. ఇన్వర్టర్ ఆపండి.

2. బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీదున్న తీగలన్నిటినీ ఫొటో తీసి, ఒక్కొక్కదానికీ చీటీ కట్టి విప్పండి. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో తెలియకపోతే తెలిసేదాకా పని ఆపండి. తరువాత వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం ఈ చీటీ కట్టని తీగ వల్లే.

3. షంట్‌ను బ్యాటరీకి దగ్గరగా, నీళ్లు తగలని చోట, చెక్కకు స్క్రూలతో బిగించండి. మామూలు షంట్‌కు వాన తట్టుకునే శక్తి లేదు. కాబట్టి డ్రాబార్ (కారవాన్ ముందు కారుకు తగిలించే కమ్మీ) మీది పెట్టెలో పెట్టొద్దు.

4. షంట్ మీద 'బ్యాటరీ మైనస్' అని రాసిన వైపు నుంచి బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కు ఒకే ఒక్క కేబుల్. ఆ టెర్మినల్ మీద ఇక ఇంకేమీ ఉండకూడదు.

5. 'సిస్టమ్ మైనస్' వైపు నుంచి బస్‌బార్‌కు ఇంకో లావు కేబుల్. విప్పిన తీగలన్నీ బస్‌బార్ మీదికి: ఇన్వర్టర్, ఎంపీపీటీ, డీసీ-డీసీ చార్జర్, 240 వోల్టుల చార్జర్, ఫ్యూజ్ బాక్సు, చాసిస్ ఎర్త్ (బండి ఇనుప చట్రానికి వెళ్లే తీగ).

6. బోల్టు బిగించేటప్పుడు లగ్గు నేరుగా షంట్ లోహానికి ఆనాలి, వాషర్ లగ్గు పైన రావాలి. వాషర్ మధ్యలో ఇరుక్కుంటే అక్కడే వేడెక్కుతుంది. స్మార్ట్‌షంట్ ఎం10 బోల్టులకు 21 న్యూటన్ మీటర్లు మించకూడదు.

7. షంట్‌తో వచ్చే సన్నని ఎర్ర తీగను, దాని ఫ్యూజ్‌తో సహా, నేరుగా బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు కలపండి. మెయిన్ స్విచ్ తరువాత కలిపితే స్విచ్ ఆపిన ప్రతిసారీ మానిటర్ చచ్చి బతుకుతుంది, లెక్క పోతుంది. అది తినేది 1 మిల్లీఆంప్ లోపే, బ్యాటరీకి బరువు కాదు.

8. కేబుల్‌ను బ్యాటరీకి తిరిగి తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తే కంగారు పడొద్దు, ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లు నిండుతున్నాయి. బ్యాటరీ కలిపాకే ప్యానెళ్లు కలపండి.

బ్యాటరీలు రెండు సమాంతరంగా ఉంటే, షంట్ కేబుల్‌ను ఒకదాని మైనస్‌కు, ప్లస్ కేబుల్‌ను రెండోదాని ప్లస్‌కు వేయండి. ఒకే బ్యాటరీ మీద రెండూ వేస్తే అదే ఎక్కువ పని చేసి ముందుగా అరుగుతుంది.

## సెట్టింగులు

చాలామంది షంట్ బిగించి, ఫోన్‌లో శాతం కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. కంపెనీ నుంచి వచ్చిన సెట్టింగులు సాధారణంగా లెడ్-యాసిడ్‌కు పెట్టినవి. మన 200 ఏహెచ్ లిథియంకు, కంట్రోలర్ అబ్జార్ప్షన్ (నింపేటప్పుడు పట్టి ఉంచే వోల్టేజీ) 14.2, ఫ్లోట్ (నిండాక ఉంచే వోల్టేజీ) 13.5 అనుకుని, ఇలా మార్చండి.

కెపాసిటీ: 200.

చార్జ్డ్ వోల్టేజీ: 14.0. బ్యాటరీ నిండిందని మానిటర్ నిర్ధారించుకునే గీత ఇది. స్మార్ట్‌షంట్‌లో మొదట ఉండేది 13.2. అలాగే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. పొద్దున్న ఏడు గంటలు, బ్యాటరీ నిజంగా ఉన్నది 45 శాతం. ప్యానెల్ నుంచి 4 ఆంప్‌లు మొదలయ్యాయి. వోల్టేజీ 13.2 దాటింది, కరెంటు తక్కువగా ఉంది, మూడు నిమిషాలు గడిచాయి. మానిటర్ ఠక్కున 100 శాతం అని ప్రకటిస్తుంది. ఆ రోజంతా మీరు ధైర్యంగా వాడతారు, రాత్రి పదింటికి 60 శాతం చూపిస్తుండగానే బీఎంఎస్ అంతా ఆపేస్తుంది. షంట్ పాడైందని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

టెయిల్ కరెంట్: 4 శాతం, అంటే 8 ఆంప్‌లు. నిండిన బ్యాటరీ అన్నం చాలన్న పిల్లాడిలా, వోల్టేజీ ఉన్నా కరెంటు తీసుకోదు. 14.0 పైన ఉండి 8 ఆంప్‌ల కన్నా తక్కువ తీసుకుంటుంటే నిండినట్టు. మీకు ఒకే చిన్న ప్యానెల్ ఉండి ఎప్పుడూ 8 ఆంప్‌లు దాటకపోతే దీన్ని 2 శాతానికి తగ్గించండి.

చార్జ్డ్ డిటెక్షన్ టైమ్: 3 నిమిషాలు సరిపోతుంది. మబ్బులు వస్తూ పోతూ ఉండే చోట 5 పెట్టండి.

ప్యూకర్ట్ (ఎక్కువ కరెంటు లాగితే కెపాసిటీ ఎంత తగ్గుతుందో చెప్పే అంకె): లిథియంకు 1.05, లెడ్-యాసిడ్‌కు 1.25. చార్జ్ ఎఫిషియెన్సీ (పెట్టిన చార్జిలో తిరిగి దొరికే వాటా): లిథియంకు 99, లెడ్-యాసిడ్‌కు 95 శాతం.

డిశ్చార్జ్ ఫ్లోర్: లిథియంకు 20, లెడ్-యాసిడ్‌కు 50. ఇది ఏదీ ఆపదు. 'ఇంకా ఎన్ని గంటలు' అనే అంకెను ఎక్కడిదాకా లెక్కించాలో చెబుతుందంతే.

కరెంట్ థ్రెషోల్డ్: మొదట 0.10 ఆంప్ ఉంటుంది. దాని కన్నా తక్కువ పారితే సున్నా అనుకుంటుంది. గ్యాస్ అలారం, స్టీరియో గడియారం కలిసి 0.08 ఆంప్ తింటున్నాయనుకోండి. కారవాన్‌ను మూడు నెలలు షెడ్డులో పెడితే 0.08 × 24 × 90, అంటే 173 ఏహెచ్. తెర మీద మాత్రం 100 శాతమే. దీన్ని 0.03 దాకా తగ్గించండి, కానీ ముందు సున్నా సరిచూడాలి.

సున్నా సరిచూడటానికి షంట్ సిస్టమ్ వైపు కేబుల్ విప్పి, ఏమీ పారనప్పుడు తెర మీద ఎంతుందో చూసి, 'జీరో కరెంట్ కాలిబ్రేషన్' నొక్కండి. లోడులన్నీ ఆపాం కదా అని కేబుల్ విప్పకుండా నొక్కితే, నిజంగా పారుతున్న ఆ చిన్న కరెంటునే సున్నాగా నేర్చుకుంటుంది.

ఇంకొకటి: కరెంటు పోయి వచ్చాక శాతం ఎంత చూపాలి అనే సెట్టింగు. కొన్ని మానిటర్లలో ఇది మొదట 100 అని ఉంటుంది. బీఎంఎస్ ఆపేసి మళ్లీ లేచినప్పుడు అడుగంటిన బ్యాటరీ నిండుగా కనిపిస్తుంది. పాత విలువే ఉంచు అనే ఎంపిక ఉంటే అదే పెట్టండి.

## మొదటి లెక్క సరిచేయడం

ఇంటి దగ్గర 240 వోల్టుల చార్జర్ పెట్టి 14.2 వచ్చేదాకా, కరెంటు 4 ఆంప్‌ల కిందికి దిగేదాకా నింపండి. సెల్‌లు సమం కావడానికి ఇంకో గంటో రెండు గంటలో ఉంచి, అప్పుడు మానిటర్‌లో 'సింక్రనైజ్' (ఇదే 100 శాతం అని చెప్పే బటన్) నొక్కండి. అంతకుముందు కనిపించే శాతానికి అర్థం లేదు.

తరువాత గాదెకు రెండో తలుపు, అంటే షంట్‌ను దాటే తీగ, ఏదైనా ఉందేమో చూడండి. చార్జర్లన్నీ ఆపి, లైట్లు, పంపు, ఫ్రిజ్, ఫ్యాన్, ఇన్వర్టర్ ఒక్కొక్కటే వేసి, తెర మీద మైనస్ అంకె పెరుగుతోందో లేదో చూడండి. పెరగకపోతే ఆ వస్తువు మైనస్ తీగ షంట్ దాటి వెళ్తోంది. ఎండలో ప్యానెళ్లు, ఆపైన కారు ఇంజిన్ వేసి డీసీ-డీసీ కూడా ఇలాగే చూడండి, ఈసారి అంకె ప్లస్ వైపు కదలాలి. చివరికి క్లాంప్ మీటర్‌ను బ్యాటరీ మైనస్ కేబుల్ చుట్టూ పెట్టి, 40 ఆంప్‌ల దగ్గర రెండు అంకెలూ పోల్చండి. ఒకటి రెండు ఆంప్‌ల తేడా క్లాంప్ మీటర్‌దే. పది ఆంప్‌ల తేడా అయితే తీగ ఏదో తప్పించుకుంది.

## లెక్క తప్పినప్పుడు

తప్పు ఏ వైపుందో చూస్తే ఏ తీగో చాలావరకు తెలిసిపోతుంది. శాతం రోజురోజుకూ దిగుతూ, బ్యాటరీ మాత్రం నిండుగా ఉంటే, చార్జింగ్ తీగ ఒకటి షంట్‌ను దాటింది. చాలాసార్లు అది తరువాత బిగించిన రెండో సోలార్ కంట్రోలర్, 'బ్యాటరీకే నేరుగా కలపాలి' అన్న మాన్యువల్‌ను అక్షరాలా పాటించినవాళ్ల పని. శాతం పైనే ఉండి బ్యాటరీ ఖాళీ అవుతుంటే లోడు దాటింది, లేదా పైన చెప్పిన తొందరపాటు 100.

ఏ తీగా దాటకుండానే లెక్క వారానికి రెండు మూడు శాతం పక్కకు జరిగితే అది సహజం. వారం పది రోజులకోసారి పూర్తిగా నింపితే తానే సర్దుకుంటుంది. ఎప్పుడూ 100 కొట్టకపోతే, కంట్రోలర్ అబ్జార్ప్షన్ 14.0 కన్నా కిందుందేమో చూడండి. చార్జ్డ్ వోల్టేజీ గీత కంట్రోలర్ అందుకోగలిగినంతలో ఉండాలి.

మంచి ఎండ ఉన్నా బ్యాటరీలోకి కరెంటు సున్నా, అదీ జూలైలో స్నోయీ పర్వతాల వైపు పొద్దున్నే అయితే, షంట్‌ను అనుమానించకండి. సెల్‌లు 0 డిగ్రీల కింద ఉన్నప్పుడు బీఎంఎస్ చార్జింగ్‌ను ఒప్పుకోదు. బ్యాటరీ ఉన్న గూడు వెచ్చబడ్డాక మొదలవుతుంది.

## రోజూ చూడవలసింది

శాతం కన్నా ముందు ఆంప్‌ల అంకె అలవాటు చేసుకోండి. సోనా మసూరి రెండు గ్లాసులు పోసి 500 వాట్ల రైస్ కుక్కర్ పెడితే, ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుని బ్యాటరీ నుంచి సుమారు 44 ఆంప్‌లు లాగుతుంది. 25 నిమిషాల్లో 18 ఏహెచ్, అంటే బ్యాటరీలో 9 శాతం. చట్నీకి 750 వాట్ల మిక్సీ 65 ఆంప్‌లు లాగినా, మూడు నిమిషాలే కాబట్టి 3 ఏహెచ్‌తో సరి. భయపెట్టేది మిక్సీ, తినేది ఫ్రిజ్: కంప్రెసర్ నడిచినప్పుడు 4.5 ఆంప్‌లు, రోజులో 45 శాతం సమయం నడిస్తే 49 ఏహెచ్. లైట్లు 6, ఫ్యాన్ 8, ఫోన్లు లాప్‌టాప్ 8, పంపు 1, ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకు 3. మొత్తం 96.

ఎదురుగా ప్యానెళ్లు. మెల్‌బోర్న్ వైపు వేసవిలో రోజుకు సుమారు 6 గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు దొరుకుతుంది. 340 వాట్లలో 70 శాతం చేతికొస్తే 105 ఏహెచ్ పైనే, ఖర్చు గడిచిపోతుంది. జూన్‌లో అది 2 గంటలకు పడిపోతుంది, వచ్చేది 36. రోజుకు 60 లోటు. 100 నుంచి 20 శాతం దాకా ఉన్నది 160 ఏహెచ్ కాబట్టి మూడో రోజు మధ్యాహ్నానికి కదలాలి. మూడు గంటలు కారు నడిపితే డీసీ-డీసీ నుంచి 75 వరకు వస్తుంది.

దీనికి తగ్గట్టు అలారం 30 శాతం దగ్గర పెట్టండి. 20 దగ్గర పెడితే అది మోగేది తెల్లవారుజామున, అప్పుడు చేయగలిగేది ఏమీ ఉండదు. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి ఏహెచ్ చూసి తేడా రాసుకుంటే, నాలుగు రాత్రుల్లో మీ రాత్రి ఖర్చు ఎంతో తెలుస్తుంది. ఒక రాత్రి అది ఉన్నట్టుండి పెరిగితే ఫ్రిజ్ తలుపు సరిగా పడలేదని, లేదా ఇన్వర్టర్ ఆపడం మరిచారని అర్థం.

ఏడాదికోసారి అసలు కెపాసిటీ కొలవండి. నిండుగా నింపి, 20 ఆంప్‌ల స్థిరమైన లోడు పెట్టి, 12 వోల్టులకు దిగేదాకా వాడి, ఎన్ని ఏహెచ్ పోయాయో చూడండి. పది గంటల పని, దగ్గరే ఉండాలి. 178 దగ్గర ఆగిపోతే కెపాసిటీ సెట్టింగును 178కి మార్చండి, లేబుల్ మీద 200 అని ఉన్నా సరే. వెంటనే మళ్లీ చార్జింగ్ పెట్టండి.

సెలవులు అయిపోయి కారవాన్‌ను నెలల తరబడి ఆపేటప్పుడు లిథియంను 50-60 శాతం దగ్గర ఉంచి మెయిన్ స్విచ్ ఆపండి. ప్యానెల్ స్విచ్ కూడా ఆపాలి, లేకపోతే ఎండ దాన్ని రోజూ నింపుతూనే ఉంటుంది. లెడ్-యాసిడ్‌కు దీనికి పూర్తిగా వ్యతిరేకం: నిండుగా నింపి, చార్జింగ్ అందేలా ఉంచాలి. తిరిగి బయల్దేరేముందు రోజు పూర్తిగా నింపి, తెర మీద 100 తానే వచ్చిందో లేదో చూడండి.